హిప్ హాప్ ఎందుకు పుట్టింది? మా అబ్బాయి అడిగాడు, నాకు తెలీలేదు

కాకినాడ_సుజాత:
అందరికీ నమస్కారం. మా వాడు పదో తరగతి. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్సే, అందులో ర్యాపే. మొన్న భోజనాల దగ్గర "రాగమూ లేదు, పల్లవీ లేదు, ఏముందిరా అందులో?" అన్నాను. వాడు కోప్పడలేదు. "ఇది ఎందుకు పుట్టిందో తెలుసా అమ్మా?" అన్నాడు. తెలీదన్నాను. వాడికీ సగం సగమే తెలుసట. ఇద్దరం కలిసి తెలుసుకుందామని కూర్చున్నాం. వెతికితే పేర్లూ తేదీలూ బోలెడు దొరికాయి గానీ, అసలు సంగతి అర్థం కాలేదు. సంగీతం తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. కాస్త తీరిగ్గా చెప్పండి.

నిజం_చెప్తా:
ర్యాప్ అంటే రిథమ్ అండ్ పొయెట్రీ. మన బుర్రకథ లాంటిదే. వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేం లేదు.

పాతరికార్డుల_పెట్టె:
అది పొరపాటండీ. రిథమ్ అండ్ పొయెట్రీ అనేది తర్వాత ఎవరో అతికించింది. ర్యాప్ అనే మాట ఇంగ్లీషులో చాలా పాతది. మొదట టకటకా కొట్టడం, ఆ తర్వాత నల్లజాతి అమెరికన్ల వాడుకలో ధాటిగా మాట్లాడటం. బుర్రకథ సంగతి మృదంగం మాస్టారు చెప్తే బాగుంటుంది.

సుజాత గారూ, ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ర్యాప్, దాని వెనక రికార్డుల మోత, దానికి ఆడే డాన్సు, అన్నీ కలిపి హిప్ హాప్ అంటారు. అది మైకు పట్టుకున్నవాడితో మొదలవలేదు. రికార్డు తిప్పేవాడి చేతుల్లో మొదలైంది.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. అదొక అపార్టుమెంటు. అందులో ఉండే సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కావాలి. డబ్బుల కోసం బిల్డింగులోనే ఉన్న హాల్లో పార్టీ పెట్టింది. చేత్తో రాసిన చిన్న కార్డులు పంచింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేయడానికి అన్నయ్య క్లైవ్‌ను పెట్టుకుంది. అప్పటికతనికి 18 ఏళ్ళు. పేటలో అందరికీ కూల్ హెర్క్‌గా తెలుసు. పుట్టింది జమైకాలో, 1967లో బ్రాంక్స్ వచ్చాడు. జమైకా వీధుల్లో ఆకాశమంత స్పీకర్లు పెట్టి పాటలు వేయడం, పాట నడుస్తుండగా మైకులో మాటలు కలపడం మామూలే. చిన్నప్పుడు ఆ మోత విన్న చెవులు అతనివి.

హెర్క్ జనాన్నే చూస్తూ ఉండేవాడు. ఏ పాట వేసినా వాళ్ళు ఒక్క చోటే రెచ్చిపోయేవారు. గాయకుడు ఆగి, బాజాలు ఆగి, ఉత్త డ్రమ్ములు మోగే చోట. దాన్ని బ్రేక్ అంటారు. చిక్కేంటంటే, అది కొన్ని సెకన్లలో అయిపోతుంది. అందుకని అదే రికార్డు రెండు కాపీలు కొని, రెండు టర్న్‌టేబుళ్ళ మీద, అంటే రికార్డు తిప్పే యంత్రాల మీద, పెట్టాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోయేసరికి రెండోదాంట్లో మొదలెట్టేవాడు. అది నడుస్తుండగా మొదటిదాని ముల్లు వెనక్కి పెట్టేవాడు. అలా పది సెకన్ల ముక్కను పది నిమిషాలు సాగదీశాడు. దానికతను పెట్టుకున్న పేరు మెర్రీ గో రౌండ్. మన తిరనాళ్ళలో పిల్లలెక్కే రంగులరాట్నమే.

ఆ మోత మీద అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకులో స్నేహితుల పేర్లు పిలుస్తూ, రెండేసి ముక్కలు ప్రాస కలుపుతూ హుషారెక్కించేవాడు. అలా మైకు పట్టి మాటలు కలిపేవాణ్ణే ఎంసీ అంటారు. వాడు అక్కడే పుట్టాడు. ముందు రికార్డులు తిప్పే డీజే, తర్వాత ఎంసీ.

కాకినాడ_సుజాత:
చెల్లెలి బట్టల కోసమా! మా వాడికి చదివి వినిపించాను, నోరు తెరుచుకుని విన్నాడు. కానీ ఒక డౌటు. చీకటి హాల్లో, తిరుగుతున్న రికార్డు మీద సరిగ్గా అదే చోట ముల్లు ఎలా పెట్టేవాడండీ?

పాతరికార్డుల_పెట్టె:
మంచి ప్రశ్న. హెర్క్ గాడుల రంగు చూసి అంచనాతో పెట్టేవాడు. ఒక్కోసారి తప్పేది. దాన్ని సరిచేసింది జోసెఫ్ శాడ్లర్. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అంటే లోకానికి తెలుసు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగాడు. బళ్ళో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న కుర్రాడు. విసిరిపారేసిన రేడియోలు తెచ్చి విప్పేవాడు.

అతను చేసింది చూడండి. బ్రేక్ మొదలయ్యే చోట రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీశాడు. బ్రేక్ అయిపోయాక ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే గీత మళ్ళీ ముల్లు దగ్గరకొస్తుందో లెక్కపెట్టుకున్నాడు. ముల్లు ఎత్తే పనే లేదు. చేత్తోనే వెనక్కి తిప్పడం. టర్న్‌టేబుల్ మీదుండే రబ్బరు చాప రికార్డును పట్టేసుకుంటుంది కాబట్టి, దాన్ని తీసేసి ఫెల్టు గుడ్డ గుండ్రంగా కత్తిరించి, గంజి పెట్టి బిరుసెక్కించి వేశాడు. ఇప్పుడు కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు అతని వేళ్ళ కింద ఆగుతుంది. రెండో రికార్డు జనానికి వినపడేముందు తనొక్కడే హెడ్‌ఫోన్‌లో వినడానికి, రెండు రికార్డుల మోతనూ కలిపే మిక్సర్‌కి స్విచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. ఈరోజు ప్రతి డీజే మిక్సర్‌లో ఆ సౌకర్యం ఉంటుంది.

నా దగ్గర పాత టర్న్‌టేబుళ్ళు రెండున్నాయి. ఈ పని నేర్చుకోవాలని మూడు నెలలు కూర్చున్నాను. నాలుగు సార్లు వరసగా లయ తప్పకుండా తిప్పగలిగిన రోజు మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. ఆ కుర్రాళ్ళు గంటలు గంటలు చేసేవాళ్ళు.

స్క్రాచ్ కథ కూడా బాగుంటుంది. థియోడర్ అనే పిల్లాడు గదిలో మోత పెడుతుంటే అమ్మ వచ్చి తలుపు దగ్గర చీవాట్లు పెట్టింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ రికార్డును చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుతూ నిలబడ్డాడు. ఆ గరగర వినసొంపుగా అనిపించింది. దాన్నే సాధన చేశాడు. అదే స్క్రాచ్.

జెర్సీ_తెలుగు:
నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆ 1520 సెడ్జ్‌విక్ చూడాలని ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. చూడ్డానికి ఏమీ ఉండదు. మామూలు అపార్టుమెంటు, పక్కనే హైవే హోరు. 2007లో న్యూయార్క్ రాష్ట్రం దీన్ని హిప్ హాప్ జన్మస్థలంగా గుర్తించింది. లోపల జనం కాపురాలుంటున్నారు కాబట్టి బయటే నిలబడి చూసి వచ్చాం. చేతిలో బట్టల మూటతో ఒక పెద్దావిడ లోపలికెళ్తూ మమ్మల్ని చూసి నవ్వింది. ఇలా వచ్చేవాళ్ళు ఆవిడకి అలవాటే అనుకుంటా.

సుజాత గారు ఎందుకు పుట్టింది అని అడిగారు కదా, జవాబులో సగం ఆ హైవేల దగ్గరుంది. బ్రాంక్స్ నడిబొడ్డును చీల్చుకుంటూ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. 1948లో మొదలెడితే 1972 దాకా పట్టింది. వేయించినాయన రాబర్ట్ మోజెస్. ఈస్ట్ ట్రెమాంట్ అనే పేటలో ఒక్క మైలు రోడ్డు కోసమే 1,500కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. ఉన్నవాళ్ళు ఊరు వదిలిపోయారు, లేనివాళ్ళు మిగిలిపోయారు. ఇళ్ళ విలువ పడిపోయింది. అద్దెల కంటే ఇన్సూరెన్స్ డబ్బులే ఎక్కువని కొందరు ఓనర్లు సొంత బిల్డింగులకే నిప్పు పెట్టించారు. అదే సమయంలో ఖర్చు తగ్గించాలని నగరం ఫైర్ స్టేషన్లు మూసేసింది. 1970 నుంచి 80 లోపు కొన్ని పేటల్లో సగానికి పైగా ఇళ్ళు పోయాయి.

ఇంకోటి. ఆ పేటల్లో కుర్రాళ్ళ గ్యాంగులుండేవి. 1971 డిసెంబరులో గొడవ ఆపడానికి వెళ్ళిన బ్లాక్ బెంజీ అనే యువకుణ్ణి కొట్టి చంపేశారు. అతనిది ఘెట్టో బ్రదర్స్ అనే గ్యాంగు. పగ తీర్చుకుంటారని ఊరంతా టెన్షన్ పడితే, వాళ్ళు అన్ని గ్యాంగులనూ పిలిచి హో అవెన్యూలో శాంతి సమావేశం పెట్టారు. గొడవలు పూర్తిగా ఆగలేదు. కానీ ఒక పేట పిల్లలు ఇంకో పేట పార్టీకి వెళ్ళడం కాస్త సులువైంది. రెండేళ్ళ తర్వాత సిండీ పార్టీ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

బీబాయ్_బోడుప్పల్:
అక్కా సూపర్. మా సంగతి కూడా రాస్తున్నా. బీబాయ్‌లో బి అంటే బ్రేకే. హెర్క్ బ్రేక్ వేయగానే మధ్యలోకి దూకి డాన్స్ చేసేవాళ్ళని అలా పిలిచాడు. అమ్మాయిలైతే బీగర్ల్. టీవీల్లో బ్రేక్ డాన్స్ అంటారు గానీ మేం బ్రేకింగ్ అంటాం.

ముందు నిలబడి చేసేది టాప్‌రాక్. తర్వాత నేల మీద చేతులు ఆనించి కాళ్ళు చుట్టూ తిప్పేది ఫుట్‌వర్క్. అందులో మొదటి పాఠం సిక్స్ స్టెప్, ఆరు అడుగుల్లో ఒక చుట్టు. చివర్లో బీట్ తగలగానే శిలలా ఆగిపోవాలి, అదే ఫ్రీజ్. మేం మొదట ఒక అపార్టుమెంటు సెల్లార్‌లో ఫ్రిజ్ అట్టపెట్టె పరిచి నేర్చుకున్నాం. అక్కడివాళ్ళు మూడుసార్లు తరిమారు. మణికట్టు వాచిపోయి అన్నం కలుపుకోలేకపోయిన రోజులున్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ పెట్టినప్పుడు మా గ్యాంగంతా ఒకే రూమ్‌లో కూర్చుని చూశాం. జపాన్ అమ్మాయి అమి గోల్డ్ కొట్టింది. మా అమ్మ కూడా చూసి "ఇది నువ్వు చేసేదే కదరా" అంది. 2028లో తీసేస్తున్నారు. బాధగా ఉంది.

నిజం_చెప్తా:
బుర్రకథ సంగతి ఎవరూ చెప్పలేదు.

మృదంగం_మాస్టారు:
చెప్తాను నాయనా. బుర్రకథలో కథకుడు, ఇటూ అటూ వంతలు, చేతిలో తంబురా, డక్కీల మోత, మధ్యలో హాస్యం, రాజకీయం. జనంలోంచి వచ్చింది, జనం బాధ చెప్పింది. ఆ మేరకు పోలిక ఉంది. చుట్టరికం మాత్రం లేదు. ర్యాప్ వేర్లు జమైకాలో, నల్లజాతి చర్చీల్లో, జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడి పాటల డ్రమ్ముల్లో ఉన్నాయి. ఎవరి కష్టాన్ని వాళ్ళకే వదిలేద్దాం.

లయ గురించి మాత్రం నేను మాట్లాడగలను. ర్యాప్‌లో ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు. ఒక్కో దెబ్బను నాలుగు చేస్తే పదహారు. మన చతురస్ర నడకే. ఆ పదహారు గళ్ళలో ఏ గడిలో ఏ అక్షరం వేస్తాడన్నదే ర్యాపర్ పనితనం. మొదట్లో వాళ్ళు లైను చివర ప్రాస వేసి ఊరుకునేవాళ్ళు. 1986, 87ల్లో రాకిమ్ అనే ర్యాపర్ వచ్చి లైను మధ్యలో కూడా ప్రాసలు పెట్టి, వాక్యాన్ని ఒక బార్‌లోంచి ఇంకో బార్‌లోకి పారించాడు. అతను శాక్సోఫోన్ వాయించేవాడు, ఆ ఊపిరి తెలుస్తూంటుంది. ఇప్పటి పిల్లలు ట్రిప్లెట్ ఫ్లో అంటారే, అది ఒక్కో దెబ్బను మూడు చేసే తిశ్ర నడక. తకిట తకిట తకిట తకిట. అమెరికాలోని మెంఫిస్ ర్యాపర్లు 90ల్లోనే చేశారు, 2013లో అట్లాంటా నుంచి మీగోస్ అనే బృందం దాన్ని ఇంటింటికీ చేర్చింది.

తెలుగులో ర్యాప్ రాసే పిల్లలకు ఒక మాట. మన పదాలు అచ్చులతో ముగుస్తాయి. చేస్తాను, వస్తాను, చూస్తాను అంటూ పోతే అంత్యప్రాస ఉచితంగా దొరుకుతుంది. ఉచితంగా దొరికింది రెండు లైన్లకే చప్పబడుతుంది. డ్రమ్ముల్లో టప్పుమని మోగే స్నేర్ రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా పడుతుంది కదా, అక్కడ ద్విత్వాక్షరం పడేలా చూడండి. దెబ్బ, గట్టిగా, చప్పున, నెత్తురు. తాళం వేసినట్టు కూర్చుంటుంది.

బీబాయ్_బోడుప్పల్:
మాస్టారూ ఇది మా తెలుగు ర్యాపర్ రోల్ రైడా అభిమానుల గ్రూపులో పెట్టేస్తున్నా. ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు.

కాకినాడ_సుజాత:
అన్నీ చదువుతున్నాను, చాలా థాంక్స్. కానీ నా అసలు భయం చెప్పనివ్వండి. వాడు వినే కొన్ని పాటల మాటలు వెతికి చదివాను. ఆడవాళ్ళ గురించి ఆ భాష ఏంటండీ? తుపాకులేంటి? కష్టంలోంచి పుట్టింది కాబట్టి అన్నీ ఒప్పుకోవాలా?

జెర్సీ_తెలుగు:
ఒప్పుకోనక్కర్లేదు. నేనూ ఒప్పుకోను. మా అమ్మాయితో ఇదే మాట్లాడతాను. పేరున్న ర్యాపర్లు టూపాక్ 1996లో, బిగ్గీ 1997లో తుపాకీ గుళ్ళకే పోయారు. ఇద్దరికీ పాతికేళ్ళు అటూ ఇటూ. అది కథ కాదు, నిజంగా పోయిన ప్రాణాలు.

కాకపోతే ఆడవాళ్ళు దీన్ని మొదటిరోజు నుంచీ మోశారని మీ వాడికి చెప్పండి. మొదటి పార్టీ పెట్టింది సిండీ. ఫంకీ ఫోర్ ప్లస్ వన్ అనే బృందంలో ఆ ప్లస్ వన్ షా రాక్, ఎంసీగా పేరు తెచ్చుకున్న తొలి అమ్మాయిల్లో ఒకామె. 1984లో రాక్సాన్ షాంటే పద్నాలుగేళ్ళ పిల్ల, అమ్మాయిని వెక్కిరిస్తూ మగవాళ్ళు వేసిన పాటకు ఎదురు పాట వేసి నోళ్ళు మూయించింది. లారిన్ హిల్ 1998లో తెచ్చిన ఆల్బమ్‌కు మరుసటేడు గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. హిప్ హాప్‌కు ఆ బహుమతి అదే మొదలు. మన ర్యాపర్ రాజకుమారి ఉంది, తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన శ్వేతా రావు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. మా అమ్మాయి ఆమె వల్లే డాన్స్ క్లాసు మానకుండా వెళ్తోంది.

పాతరికార్డుల_పెట్టె:
తుపాకుల పాటల కంటే ముందు 1982లో ది మెసేజ్ అనే పాట వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరు మీద, మెల్లీ మెల్, డ్యూక్ బూటీ రాసినది. అప్పటిదాకా రికార్డుల్లో ఎక్కువగా పార్టీ హుషారే. ఇందులో పగిలిన గాజుముక్కలూ, ఎలుకలూ, అప్పులవాళ్ళూ వచ్చారు. 2002లో అమెరికా జాతీయ రికార్డింగుల భాండారానికి ఎంచిన మొదటి యాభైలో ఇదొకటి. మీరూ బాబూ కలిసి వినదగ్గది.

నిజం_చెప్తా:
నేను మొదట తొందరపడి రాశాను, మాస్టారికి థాంక్స్. కానీ ఒకటి అడగాలి. వేరేవాళ్ళ రికార్డు తీసుకుని దానిమీద తమ పాట కట్టడం దొంగతనం కాదా? మనవాళ్ళు ట్యూన్ కాపీ కొడితే తిడతాం కదా.

లా_చదివినమ్మాయి:
ఈ ప్రశ్న కోర్టుకే వెళ్ళింది. 1991 డిసెంబరులో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద తీర్పు వచ్చింది. గిల్బర్ట్ ఓసలివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడాడు. జడ్జి తీర్పు మొదట్లోనే, దొంగిలించరాదు అన్న బైబిల్ ఆజ్ఞ రాశాడు. అలా వాడుకునే రికార్డు ముక్కను శాంపిల్ అంటారు. అప్పటినుంచి ప్రతి శాంపిల్‌కూ ముందే అనుమతి, ముందే డబ్బు.

మనవాళ్ళ పాటలూ ఇందులో ఉన్నాయి. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాటలో లతా మంగేష్కర్ గొంతు వాడారు. సంగీత దర్శకుడు బప్పీ లహరి కేసు వేస్తే, ఆయన పేరు వేయకుండా ఆల్బమ్ అమ్మకూడదని లాస్ ఏంజెలెస్ కోర్టు చెప్పింది. ఇళయరాజా గారి దళపతి పాట, తెలుగులో సింగారాల పైరుల్లోన, గుర్తుందా? 2007లో ఎంఐఏ అనే గాయని తన కాలా ఆల్బమ్ మొదటి పాటలో ఆ డప్పుల మోతే వాడింది.

కాబట్టి ఊరికే తీసుకోవడం తప్పే. కానీ చట్టం ఎవరికి డబ్బు ఇప్పించిందో కూడా చూడాలి. పాట రాసినవాడికి, రికార్డింగ్ హక్కున్న కంపెనీకి. డ్రమ్ములు వాయించినవాడికి చిల్లిగవ్వ లేదు.

పాతరికార్డుల_పెట్టె:
మీరు సరిగ్గా నా గుండె మీద చెయ్యేశారు.

1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు వేసింది. ముందు వైపు పాట హిట్టయి గ్రామీ కూడా తెచ్చింది. వెనక వైపు, చోటు నింపడానికి, ఆమెన్ బ్రదర్ అనే పాటలేని సంగీతం. దాని మధ్యలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు ఒక్కడే వాయించాడు. 80ల నుంచి వేలాది పాటల్లో ఆ సెకన్లు మోగాయి. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలే దానిమీద లేచాయి. కోల్‌మన్‌కు ఒక్క డాలర్ రాలేదు. 2006లో కడు పేదరికంలో పోయాడు. 2015లో బ్రిటన్ డీజే ఒకతను చందాలు పోగుచేసి, సుమారు 24 వేల పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందించాడు. అప్పటికి కోల్‌మన్ లేడు. జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించిన డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌దీ ఇదే కథ.

ర్యాపర్లకూ జరిగింది. 1979లో ర్యాపర్స్ డిలైట్ అనే ర్యాప్ పాట అమెరికా అంతా మోగింది. అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన మాటలు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే ఇంకో ర్యాపర్ నోట్‌బుక్‌లోవి. కాసనోవా అని క్యాజ్ తన పేరును స్పెల్లింగ్‌తో సహా రాసుకుంటే, అది కూడా మార్చకుండా పాడేశాడు. క్యాజ్‌కు ఏమీ ఇవ్వలేదు.

డి లా సోల్ అని ముగ్గురు స్నేహితుల ర్యాప్ బృందం. 1989లో తెచ్చిన మొదటి ఆల్బమ్ నిండా శాంపిళ్ళే, ముచ్చటగా ఉంటుంది. అనుమతుల చిక్కుల వల్ల 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేదు. రావడానికి మూడు వారాల ముందు ఆ ముగ్గురిలో డేవ్ పోయాడు. ఆరోజు రాత్రి నా ఎల్పీ తీసి రెండు వైపులా విన్నాను.

దొంగతనమా అంటే, నిజం చెప్తా గారూ, డ్రమ్మర్‌కు ఇవ్వకపోవడం దొంగతనమే. ఆ డ్రమ్ములు విని వాటిలో ఇంకో పాట ఉందని పసిగట్టడం మాత్రం సంగీతమే.

నిజం_చెప్తా:
ఇప్పుడు అర్థమైంది. ఆ కోల్‌మన్ వాయించింది వినాలి.

కాకినాడ_సుజాత:
రాత్రి మేం విన్నామండీ. ఆమెన్ బ్రదర్ అసలు రికార్డు పెట్టాడు మా వాడు. ఒకటిన్నర నిమిషం అవుతుండగా అందరూ ఆగారు, డ్రమ్ములొక్కటే. అంతే, అయిపోయింది. "ఇదా! ఇది నేను వందసార్లు విన్నాను అమ్మా, ఎవరిదో తెలీదు" అని తన ఫోన్లోంచి ఒకదాని తర్వాత ఒకటి తీసి వినిపించాడు. ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం పాటలో అదే, ఏదో కార్టూన్ మ్యూజిక్‌లో అదే. డ్రమ్మర్ పేరు అడిగాడు. చెప్పాను. తర్వాత ఇద్దరం స్టీలు గ్లాసుల మీద వేళ్ళతో ప్రయత్నించాం. మొదటి రెండు బార్లు వస్తున్నాయి. తర్వాత ఎక్కడో జారిపోతున్నాం.

మృదంగం_మాస్టారు:
మూడో బార్ దగ్గర జారుతున్నారమ్మా. అక్కడ చివరి స్నేర్ దెబ్బను అర దెబ్బ ఆలస్యం చేశాడు. నాలుగో బార్‌లో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేశాడు, సింబల్ తొందరగా వేశాడు. బాబును గ్లాసు పక్కన పెట్టి చేత్తో తాళం వేయమనండి, మీరు నోటితో చెప్పండి. నెమ్మదిగా, సగం వేగంలో. రేపు రాత్రికి వచ్చేస్తుంది.